నా టికెట్టు డబ్బుతో పుస్తకాలు చదివించండి: తెలుగు సంఘాలకు కడప నుంచి బహిరంగ లేఖ

దేశవిదేశాల్లోని తెలుగు సంఘాల కార్యవర్గాలకు, ఆ సంఘాల తరఫున సేవా కార్యక్రమాలు నడిపే పెద్దలకు,

కడప నుంచి నమస్కారం.

మీలో ఒక సంఘం వాళ్లు పోయిన వారం ఫోన్ చేశారు. డిసెంబరులో జరిగే విరాళాల సభకు వ్యాఖ్యాతగా రమ్మన్నారు. రెండు వైపులా విమానం టికెట్లు, ఉండడానికి హోటలు, అక్కడి తెలుగు రేడియోలో రెండు రోజులు నాతో ముఖాముఖి, అన్నీ ఏర్పాటు చేస్తామన్నారు. మాట్లాడిన తమ్ముడు నోరారా "అక్కా" అని పిలిచాడు. రెండు రోజులు టైం అడిగి, మూడో రోజు రాలేనని చెప్పాను. కారణం అడిగితే ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను. ఇరవై ఏళ్లుగా నన్ను పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టిన మీ అందరికీ ఆ కారణం తెలియాలి. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను.

కారణం ఒక అమ్మాయి.

రెండేళ్ల కిందట, మార్చి నెల. కడప ఆర్టీసీ బస్టాండులో రాత్రి బెంగళూరు బస్సు కోసం నిలబడి ఉన్నాను. తెల్లవారితే దేవనహళ్లిలో విమానం ఎక్కాలి. ఇంటికి ఫోన్ చేసి గ్యాసు కట్టేశారా, పాలవాడికి చెప్పారా అని ఏదో మాట్లాడుతున్నాను. ఫోన్ పెట్టేయగానే పక్కనున్న అమ్మాయి "అక్కా, నువ్వు రేడియోలో మాట్లాడే అక్కవి కదా?" అంది. తిరిగి చూస్తే ఇరవై ఏళ్ల పిల్ల, చేతిలో మడతపెట్టిన తెల్ల కర్ర. పుట్టినప్పటి నుంచీ చూపు లేదట. ఊరు మైదుకూరు దగ్గర పల్లె, కడపలో బీఏ రెండో సంవత్సరం. కాసేపు నా పాత కార్యక్రమాల గురించి మాట్లాడి, తర్వాత అసలు సంగతి అడిగింది.

"హిస్టరీ పుస్తకం ఒకటుందక్కా. మా ఫ్రెండు చదివి వినిపిస్తాంది, సగమే అయింది. ఆ పిల్లకీ పరీక్షలే కదా, నాకోసం ఎంతని చదువుతాది? నువ్వు చదివి ఫోన్‌లో పంపిస్తావా?"

"ఊరికి పోయొస్తానమ్మా, రాగానే చదువుతా" అన్నాను. నంబరు రాసుకున్నాను. బస్సొచ్చింది, ఎక్కాను.

నేను ఆ రాత్రి బయలుదేరింది చూపు లేని పిల్లల చదువు కోసం విరాళాలు పోగుచేసే సభకు. మూడు వారాలు తిరిగాను. నాలుగు ఊళ్లు, మూడు సభలు, రెండు రేడియోలు. ప్రతి చోటా ఆ పిల్లల గురించి మాట్లాడాను. వినేవాళ్లు కళ్లు తుడుచుకున్నారు, చెక్కులు రాశారు. తిరిగొచ్చి ఆ అమ్మాయికి ఫోన్ చేస్తే పరీక్షలు అయిపోయాయంది. "రెండు పెద్ద ప్రశ్నలు వదిలేసినానక్కా, ఆ పాఠాలు వినలేదు" అని మామూలుగా చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రెండు ప్రశ్నలు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

నేను పుట్టింది జమ్మలమడుగు దగ్గర ఒక పల్లెలో. కడప ఆకాశవాణి 1963లో మొదలైంది, నాకంటే నాలుగేళ్లు పెద్దది. మా ఇంట్లో రేడియో గూట్లో ఉండేది. "333.3 మీటర్లు, అనగా 900 కిలోహెర్ట్జ్" అనే మాట అక్షరం ముక్క రాని మా జేజికి కూడా నోటికి వచ్చు. సాయంత్రం రైతుల కార్యక్రమం అయ్యేదాకా మా నాయన సంగటి ముద్ద ముట్టేవాడు కాదు. 1990లో అదే స్టేషన్లో నేను క్యాజువల్ అనౌన్సరుగా చేరిన రోజు, ఆయన ఎద్దులకు నీళ్లు కూడా పెట్టకుండా రేడియో ముందు కూర్చున్నాడని మా అమ్మ చెప్పింది.

క్యాజువల్ అంటే నెలకు ఆరు డ్యూటీలు, డ్యూటీకి ఇంత అని డబ్బు. పొద్దుటి ట్రాన్స్‌మిషన్ పడితే మబ్బున నాలుగింటికే లేవాలి. ఏది ఎప్పుడు వేయాలో రాసిన క్యూషీటు చూసుకుని, స్పూల్ టేపులు వరసగా పెట్టుకుని, చప్పుడు పెంచి తగ్గించే ఫేడర్ మీద వేలు పెట్టి, ఎర్ర లైటు వెలగగానే గొంతు విప్పాలి. దగ్గొస్తే మైకు కట్టేసి దగ్గాలి. నాకు పని నేర్పిన పెద్దాయన ఒకటే చెప్పేవారు: "మైకు ముందు ఊరందరితో మాట్లాడొద్దమ్మా. పొయ్యి ముందు కూర్చుని రొట్టె కాలుస్తా రేడియో వింటాండే ఒక్క మనిషితో మాట్లాడు." ముప్పై ఏళ్లు నేను అట్లాగే మాట్లాడాను. ఆ మనిషి ముఖం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

ఉత్తరాలు మాత్రం వచ్చేవి. పులివెందుల, ఆళ్లగడ్డ, తాడిపత్రి, కదిరి, ఒక్కోసారి షోలాపూరు నుంచి కూడా. షోలాపూరులో మన తెలుగు నేత కుటుంబాలు చాలా ఉన్నాయి కదా. మీడియం వేవ్ తరంగం పగలు నేలను పట్టుకుని కొంత దూరమే పోతుంది. రాత్రయితే పైన అయనావరణానికి తగిలి తిరిగి ఎక్కడో దూరంగా దిగుతుంది. మగ్గం మీద కూర్చున్న మనిషికి రాత్రి పదింటికి కడప గొంతు వినపడేది అట్లాగే. పదిహేను పైసల కార్డు మీద ఆయన రాసిన అక్షరాలు నా దగ్గర ఇంకా ఉన్నాయి.

ఆ తర్వాత సభలు, టీవీలు, విరాళాల కార్యక్రమాలు వచ్చాయి. వాటి వెంట విమానాలు వచ్చాయి.

విమానం ఎక్కడమంటే నాకు ఇష్టం, ఆ మాట దాచను. మొదటిసారి 2003లో బేగంపేట నుంచి ఎక్కాను. మన సీమకు, విమానానికి ఉన్న చుట్టరికం పాతదే. 1932 అక్టోబరు 15న జేఆర్డీ టాటా కరాచీలో ఉత్తరాల సంచులు వేసుకుని బయలుదేరి బొంబాయి చేర్చాడు. అక్కణ్నుంచి మద్రాసుకు వాటిని మోసిన విమానం దారిలో దిగింది మన బళ్లారిలోనే. అప్పట్లో అనంతపురం, కడప, కర్నూలుతో పాటు బళ్లారి కూడా దత్తమండలాల, అంటే మన రాయలసీమ, జిల్లాయే. మా కడప విమానాశ్రయాన్ని బాగుచేసి 2015 జూన్‌లో మళ్లీ తెరిచారు. 2017 ఏప్రిల్ 27న చిన్న ఊళ్లకు తక్కువ ధరకు విమానాలు నడిపే ఉడాన్ పథకం దేశంలో మొదలైన రోజే కడప నుంచి హైదరాబాదుకు సర్వీసు పెట్టారు. గంట ప్రయాణానికి రెండున్నర వేల టికెట్టు అనేసరికి, ఊళ్లో ఎప్పుడూ విమానం ఎక్కని పెద్దవాళ్లు పట్టుచీరలు కట్టుకుని ఎక్కారు. కర్నూలు వాళ్లకు 2021 మార్చిలో ఓర్వకల్లు వచ్చింది. అనంతపురం వాళ్లు మాత్రం ఇప్పటికీ దేవనహళ్లికే పోవాలి. పుట్టపర్తిలో 1990 నుంచి రన్‌వే ఉంది కానీ అది సత్యసాయి ట్రస్టుది, మామూలు జనం రోజూ ఎక్కే సర్వీసులు లేవు.

హైదరాబాదు విమానం కడపలో లేచిన కాసేపటికి కిటికీలోంచి పెన్న కనపడుతుంది. ఎండాకాలంలో నీళ్లుండవు, ఇసుక మెరుస్తుంది. మొదటిసారి చూసినప్పుడు పక్కనున్నాయన భుజం తట్టి "మా ఏరు సార్" అని చూపించాను. ఆయన మార్వాడీ వ్యాపారి, ఆయనా వంగి చూశాడు.

గొంతుతో బతికేవాళ్లకు విమానంతో ఒక చిక్కుంది. లోపలి గాలిలో తేమ చాలా తక్కువ, ఇరవై శాతం కూడా ఉండదు. పన్నెండు గంటలు కూర్చుంటే నాలుక అంగిటికి అంటుకుంటుంది. లోపలి పీడనం ఆరేడు వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది కాబట్టి చెవులు మూసుకుపోతాయి, మన గొంతు మనకే సరిగ్గా వినపడదు. దిగిన రోజు రేడియోలో కూర్చోబెడితే "శ, ష, స" లు మూడూ ఒకటే పలుకుతాయి. అందుకే మీ దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒక రోజు ముందు దిగుతానని పట్టుబట్టేదాన్ని, గోరువెచ్చని నీళ్ల ఫ్లాస్కు అడిగేదాన్ని. మీరు ఏనాడూ విసుక్కోలేదు. ఒక ఊళ్లో ఒక చెల్లెలు నాకోసం తెల్లవారుజామున ఉగ్గాని చేసి హోటలుకు తెచ్చింది. అక్కడ బొరుగులు దొరికేది ఒక్క అంగట్లోనే, గంట దూరం పోయి తెచ్చిందట. అవన్నీ నేను మరిచిపోలేదు.

అయినా ఈ మాట చెప్పక తప్పదు. ఒక సభ అయ్యాక నేనే అడిగితే ఆ సంఘం కోశాధికారి లెక్కలు చూపించాడు. నా టికెట్లు, హోటలు, వీసా ఫీజు, అక్కడక్కడా తిప్పిన కార్లు, శాలువా, జ్ఞాపిక అన్నీ కలిపి మూడు లక్షలకు దగ్గరగా వచ్చింది. నాకిచ్చిన పారితోషికం దీనిలో కలపలేదు. నాతో పాటు వచ్చిన గాయకులు, సినిమా వాళ్లు వేరే. ఆ మూడు లక్షల కాగితం చూసిన రోజు నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు.

ఇంకో సంగతి. ఒక సంఘం ఎంతో మంచి మనసుతో ఇక్కడి ఒక హాస్టలుకు బ్రెయిలీ అచ్చువేసే యంత్రం పంపింది. ప్రారంభోత్సవానికి నేనే వ్యాఖ్యాతని. ఆ యంత్రానికి మందమైన కాగితం కావాలి, తెలుగును బ్రెయిలీలోకి మార్చే సాఫ్ట్‌వేరు నడిపే మనిషి కావాలి, పాడైతే బాగుచేసేవాడు కావాలి. ఏడాది తర్వాత పోయి చూస్తే దానిమీద దుప్పటి కప్పి ఉంది. పంపినవాళ్ల తప్పు కాదు, హాస్టలు వాళ్ల తప్పూ కాదు. యంత్రానికి డబ్బు పెట్టినవాళ్లెవరూ మనిషికి జీతం పెట్టలేదు. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పుడూ ఇదే చూశాను. లారీల కొద్దీ పాత బట్టలు వచ్చాయి, బురదలో కుప్పలు పడ్డాయి. ఒక పదో తరగతి పిల్ల అడిగింది తడిసి ముద్దయిన సర్టిఫికెట్ల గురించి, పుస్తకాల గురించి. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్లమీద పడ్డప్పుడు కూడా, మొదటి వారం గడిచాక పిల్లలు అడిగింది పుస్తకాలే.

బస్టాండు అమ్మాయి దగ్గరికి మళ్లీ వస్తాను. ఆ ఏప్రిల్‌లోనే మూడో సంవత్సరం పుస్తకాలు తెప్పించుకుని చదవడం మొదలుపెట్టాను. మా ఇంట్లో వెనక గదిలో కిటికీలకు బొంతలు కట్టాను. పగలు ఆటోలు, కుక్కర్లు. రాత్రి పదకొండు తర్వాత వీధి అణుగుతుంది, అప్పుడు కూర్చుంటాను. ఫ్యాను తిరిగితే మైకులో వినపడుతుంది కాబట్టి కట్టేయాలి. కడప మే నెలలో ఫ్యాను లేకుండా గంటసేపు ఎట్లుంటుందో ఇక్కడ పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు.

రేడియో చదువు వేరు, ఈ చదువు వేరని నాకు మొదటి వారంలోనే తెలిసింది. మొదటి పాఠం రేడియోలో నాటకంలాగా, హెచ్చుతగ్గులతో చదివి పంపాను. ఆమె విని "బాగుందక్కా, కానీ నోట్సు రాసుకోలేకపోతాండా. పేజీ నంబరు చెప్పు, హెడ్డింగ్ వచ్చినప్పుడు కొంచెం ఆగు, పేర్లు ఒత్తులతో సహా విడదీసి చెప్పు" అంది. మైకు ముందు ముప్పై ఏళ్లు పనిచేసినదాన్ని, చెప్పినట్టే మార్చుకున్నాను. పట్టిక వస్తే అడ్డంగా చదవాలా నిలువుగా చదవాలా అని ముందే చెప్పాలి. బొమ్మ వస్తే దాంట్లో ఏముందో మాటల్లో చెప్పాలి. పాఠానికి ఒక ఫైలు, దానికి సరైన పేరు. ఒక గంట శుభ్రమైన రికార్డింగుకు నాకు రెండున్నర గంటలు పడుతుంది. రెండొందల పేజీల పుస్తకం అయ్యేసరికి నెల దాటుతుంది.

పటాల దగ్గర ఆగిపోయాను. నదుల పటాన్ని మాటల్లో ఎట్లా చెప్పేది? ఒక ఆదివారం హాస్టలుకు పోయి ఆమె అరచేయి చాపమన్నాను. మణికట్టు దగ్గర నంది కొండలు అనుకో, అక్కడ పెన్న పుట్టింది అన్నాను. పైకి, ఉత్తరానికి వచ్చింది. ఇక్కడ అనంతపురం జిల్లాలో తూర్పుకు తిరిగింది. ఇక్కడ గండికోట, కొండను నిలువునా కోసుకుని వచ్చింది. దక్షిణం నుంచి చిత్రావతి, పాపాఘ్ని, చెయ్యేరు. ఉత్తరం నుంచి కుందూ, సగిలేరు. ఇక్కడ సోమశిల, అదిగో నెల్లూరు దాటి సముద్రం. చూపుడువేలితో గీసుకుంటూ పోయాను. ఆమె ఇంకోసారి గీయమంది. మూడోసారి తనే నా చేతిమీద గీసింది, ఒక్క ఉపనది తప్పలేదు. తర్వాత అడిగింది, "విమానంలోంచి చూస్తే పెన్న ఎట్లుంటదక్కా?" ఇరవై ఏళ్లలో నా ప్రయాణాల గురించి రేడియోల్లో ఎన్నో ప్రశ్నలు అడిగారు. ఇంత కష్టమైన ప్రశ్న ఎవరూ అడగలేదు. మా అమ్మ ఆరబెట్టిన చీర గాలికి కదిలి ముడతలు పడితే చేత్తో తడిమినట్టు ఉంటదమ్మా అన్నాను. ఆమె కాసేపు ఊరుకుని "అయితే నాకు తెలిసినట్టే" అంది.

"ఇప్పుడు ఫోన్లే చదివి వినిపిస్తాయి కదా" అని మీరు అడుగుతారని తెలుసు, నేనూ అట్లాగే అనుకున్నాను. ఎన్‌వీడీఏ అని కంప్యూటరు తెర చదివే ప్రోగ్రాము ఉంది, ఉచితం. తెలుగు యూనికోడ్‌లో ఉంటే, అంటే ప్రతి అక్షరాన్నీ ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తుపట్టే పద్ధతిలో ఉంటే, చదువుతుంది. కానీ మన తెలుగు పుస్తకాల్లో ఎన్నో అను ఫాంట్లలో కంపోజ్ చేసినవి. కంటికి తెలుగు అక్షరాల్లా కనపడతాయి, యంత్రానికి మాత్రం అవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల గందరగోళం. ఆ పీడీఎఫ్ తెరిస్తే ప్రోగ్రాము అర్థంలేని కూతలు కూస్తుంది. ఆ అమ్మాయి ఒకసారి నాకు వినిపించింది. రెండు నిమిషాలు కూడా వినలేకపోయాను.

చట్టం మన వైపే ఉంది. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి, వైకల్యం ఉన్నవాళ్లకోసం ఏ పుస్తకాన్నైనా వాళ్లు చదువుకోగల రూపంలోకి లాభాపేక్ష లేకుండా మార్చవచ్చని చెప్పారు. రచయిత అనుమతి అక్కర్లేదు. అట్లాంటి పుస్తకాలు దేశాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడానికి వచ్చిన మర్రకేష్ ఒప్పందాన్ని ప్రపంచంలో మొట్టమొదట ఆమోదించిన దేశం మనదే, 2014 జూన్‌లో. 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం వచ్చింది. అదే ఏడాది వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో నాలుగు శాతం రిజర్వేషను ఇచ్చింది, అందులో ఒక శాతం చూపు లేనివాళ్లకు, చూపు తక్కువ ఉన్నవాళ్లకు. పరీక్షలో రాసిపెట్టే మనిషిని పెట్టుకోవచ్చు, గంటకు ఇరవై నిమిషాలు అదనం. అంటే కుర్చీ ఉంది, హాల్ టికెట్టు ఉంది, రాసే చేయి ఉంది. చెప్పి రాయించడానికి ముందు చదవాలి కదా, ఆ పుస్తకం దగ్గరే పిల్లలు ఆగిపోతున్నారు.

అనంతపురం వాళ్లకు నేను కొత్తగా చెప్పేది లేదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అక్కడికి వచ్చాడు. ఎక్కడి స్పెయిన్, ఎక్కడి అనంతపురం. వచ్చినవాడు 2009లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు, ఆ మట్టిలోనే కలిశాడు. ఆయన పెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) చూపు లేని పిల్లలకు, వినపడని పిల్లలకు బడులు నడిపింది. ఆ ఖర్చులో ఎంతో భాగం స్పెయిన్‌లో మామూలు ఉద్యోగాలు చేసుకునేవాళ్లు నెలనెలా పంపిన చిన్న మొత్తాలే. ఏడాదికొక పెద్ద సభ పెట్టి పోగుచేసింది కాదు. పని ఇక్కడ రోజూ జరిగింది, డబ్బు అక్కణ్నుంచి నెలనెలా వచ్చింది. నేను మిమ్మల్ని అడిగేది కూడా ఆ పద్ధతే.

కడప, అనంతపురం, కర్నూలు మూడు ఊళ్లలో మూడు చిన్న గదులు కావాలి. ఎనిమిది అడుగులు వెడల్పు, పదడుగులు పొడవు చాలు. గోడలకు చప్పుడు పీల్చే దూది పలకలు, ఒక మంచి మైకు, ఒక ల్యాప్‌టాప్. స్టూడియో అని పేరు పెట్టి రిబ్బను కత్తిరించక్కర్లేదు. గదికంటే ముఖ్యం చదివేవాళ్లకు డబ్బు ఇవ్వడం. ఇక్కడ నేను గట్టిగా పట్టుబడతాను. ఉచితంగా చదువుతామని ఉత్సాహంగా వచ్చినవాళ్లు రెండో పాఠం దగ్గర ఆగిపోవడం నేను చూశాను. వాళ్లను తప్పు పట్టను, ఎవరి బతుకు వాళ్లకుంది. శుభ్రంగా అయిన గంట రికార్డింగుకు ఇంత అని ఇవ్వండి. గొంతులకు మా దగ్గర కరువు లేదు. 1885లో సురభి నాటకం పుట్టింది మా కడప జిల్లా సురభి గ్రామంలోనే. నాటకాలాడిన కుటుంబాలు, నాలాగా ఆరు డ్యూటీలు చేసి ఇంటికి పోయిన అనౌన్సర్లు, రిటైరైన తెలుగు పంతుళ్లు, పద్యం నోటికొచ్చిన హరికథ భాగవతార్లు ఉన్నారు. ఇంట్లో కూర్చుని డబ్బు సంపాదించే దారి లేక ఎదురుచూస్తున్న డిగ్రీ చదివిన ఆడపిల్లలు ఊరూరా ఉన్నారు.

చదివినదాన్ని విని తప్పులు పట్టేది చూపు లేని విద్యార్థులే కావాలి, వాళ్లకూ డబ్బు ఇవ్వాలి. నా చదువు సరిదిద్దింది ఎవరో మీకు చెప్పాను కదా.

ఇక డబ్బు కాకుండా మీరు అక్కడ ఇళ్లలో కూర్చుని చేయగలిగిన పని ఒకటుంది. అను ఫాంట్లలో ఉన్న పుస్తకాలను యూనికోడ్‌లోకి మార్చి, అక్షరం అక్షరం చూసి సరిచేయడం. మీలో సగంమంది కంప్యూటరు ముందే కూర్చుంటారు. మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి కానీ ఒత్తుల దగ్గర, గుణింతాల దగ్గర తప్పుతాయి, తెలుగు వచ్చిన కన్ను చూడాలి. మీ పెద్దవాళ్లు ఇక్కడి నుంచి వచ్చి ఆరు నెలలు మీ దగ్గర ఉంటారు, పగలంతా ఏమీ తోచక కిటికీ దగ్గర కూర్చుంటారు. వాళ్లను అడగండి. మా చిన్నాయన కొడుకు ఇంట్లో మా చిన్నాయనకు నేను ఇదే పని అప్పజెప్పాను. రోజుకు పది పేజీలు చేస్తున్నాడు. ఫోన్ చేస్తే ఇప్పుడు మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడడు, ర-వత్తుల గురించి మాట్లాడతాడు.

సభలు పెట్టొద్దని నేను అనను. ఏడాదికొకసారి చీర కట్టుకుని, తెలుగు పాట విని, పులిహోర తిని, ఊరు గుర్తు చేసుకోవడం మీకు ఎంత అవసరమో నేను మీ మధ్య తిరిగి చూశాను. కానీ ఆ వేదిక మీద మాట్లాడడానికి పదివేల మైళ్ల అవతల నుంచి నన్ను మోసుకుపోనక్కర్లేదు. మీ ఊళ్లోనే పుట్టి, తెలుగు మాట్లాడడానికి మొహమాటపడే పదహారేళ్ల పిల్లకు ఆ మైకు ఇవ్వండి. తడబడుతుంది, పర్వాలేదు. మొదటి డ్యూటీలో నేను టైము తప్పు చెప్పాను. మీ రేడియోల్లో నాకని పెట్టిన అరగంటలో ఇక్కడ చదివే మనిషినో, వినే విద్యార్థినో ఫోన్‌లో మాట్లాడించండి.

ఇప్పటికి పదకొండు పుస్తకాలు అయ్యాయి. ఆ అమ్మాయి ఒక్కతే కాదు, ఫోన్ నుంచి ఫోన్‌కు పోయి ఎమ్మిగనూరు, హిందూపురం పిల్లలు కూడా వింటున్నారని తెలిసింది. ఎవరో ఒకరు రాత్రిపూట మెసేజీ పెడతారు, "అక్కా, నాలుగో పాఠంలో 37వ పేజీ తర్వాత 39 చదివినావు" అని. మళ్లీ లేచి 38 చదువుతాను. ఆమె డిగ్రీ పాసయి ఇప్పుడు పోటీ పరీక్షలకు తయారవుతోంది. ఆ పుస్తకాలు లావుగా ఉన్నాయి, ఏటేటా మారిపోతున్నాయి, నా ఒక్క గొంతు చాలడం లేదు. నాకు యాభై ఏడేళ్లు దాటాయి. రాత్రి ఒంటిగంట తర్వాత గొంతు జీర పోతోంది.

డిసెంబరు సభ తమ్ముడికి ఒక మాట. నా టికెట్టు ఇంకా కొని ఉండవు, కొనొద్దు నాయనా. ఆ రోజు సభలో నా గొంతు కావాలంటే పది నిమిషాలు రికార్డు చేసి పంపిస్తాను. నా తర్వాత ఇంకో పది నిమిషాలు ఆ అమ్మాయి మాట్లాడుతుంది. అడిగాను, ఒప్పుకుంది. ఏం మాట్లాడాలో నన్ను చెప్పనివ్వలేదు, తనే బ్రెయిలీలో రాసుకుంటోంది.

మీ అక్క,
కడప